ఉపవాసం ఉన్న నెత్తురు

నాకసలే ముక్కు మీద కోపం. మా ల్యాబులోని షుగర్ మిషన్ తప్పు చెప్పిందని ఎవరైనా అంటే ఇక చెప్పనక్కర్లేదు. దాని గుండ్రటి పళ్లెంలో చిన్న చిన్న సీసాలు పెట్టి వదిలేస్తే చాలు, ఒక్కొక్కదాన్నే ముందుకు తిప్పుకొని, సన్నటి సూది ముంచి, చుక్క పీల్చుకుంటుంది. లోపల గోరంత చిప్ మీద ఎంజైమ్ పూత ఉంటుంది. చక్కెర దానికి తగలగానే రవ్వంత కరెంటు పుడుతుంది. ఎంత చక్కెరో అంత కరెంటు. దాన్నే అంకెగా మార్చి చూపిస్తుంది.

కరోనా తగ్గాక వచ్చిన ఒక రంజాన్‌లో, అరబ్బు దేశంలో మా ల్యాబున్న అల్ కుసైస్‌లోనే, మాకు రెండు వీధుల అవతల ఉన్న లేబర్ క్యాంపు నుంచి శాంపిళ్లు వచ్చాయి. కంపెనీ తన ఆపరేటర్లకు ఏటా చేయించే పరీక్షలవి. రంజాన్‌లో పని తొందరగా ముగుస్తుంది కాబట్టి మధ్యాహ్నం మా నర్సు క్యాంపుకే వెళ్లింది. వేళ్లు గుచ్చి, ఒక్కో చుక్కను సన్నటి గాజుగొట్టంలో పట్టి, మందునీళ్ల సీసాల్లో వేసి తెచ్చింది.

అన్నీ మామూలుగానే వస్తున్నాయి. ఒక సీసా దగ్గర మాత్రం రెండువందల ఎనభై ఏడు. క్రేన్ ఆపరేటర్. పక్కన ‘ఉపవాసం’ అని రాసుంది. పేరు చూస్తే మన తెలుగువాడే, హిందువే. మళ్లీ పెట్టాను. రెండువందల ఎనభై నాలుగు. విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రవం పెట్టి చూశాను. అది సరిగ్గానే వచ్చింది. మిషన్‌లో వేలెత్తి చూపడానికేమీ లేదు.

అంత షుగర్ ఉంటే వెంటనే కంపెనీ సేఫ్టీ ఆఫీసుకు చెప్పాలి. చెబితే మనిషిని క్రేన్ మీద నుంచి దించేస్తారు. మా ముదీర్, అదే మేనేజరు, తలుపులోంచి తల పెట్టి, “రిపోర్ట్ భేజో, ఖలాస్” అన్నాడు, పంపేస్తే పనైపోతుందన్నట్టు.

“మనిషిని పిలిచి మళ్లీ తీస్తాను సార్.”

“మగ్రిబ్ తక్. ఉస్కే బాద్ నహీ.”

అంటే సాయంత్రం నమాజు దాకే గడువు. సూర్యాస్తమయానికి ఎంతో సేపు లేదు. ఫోన్ చేశాను. వచ్చినవాడు పొడుగ్గా, ఎండకు మాడిపోయి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకొని, కూర్చోమన్నా కూర్చోలేదు.

“అన్నా, నిజం చెప్పు. ఏం తిన్నావు?”

“ఏం తినలే మేడం. ఒక్కపొద్దు ఉన్న.”

“రంజాన్‌కి నువ్వెందుకున్నావు?”

“మా రూంల కడప భాయి ఉంటడు. కరోనాల నాకు జరమొస్తె అందరు దూరం జరిగిన్రు, ఆయనొక్కడే నా పక్కపొంటి ఉన్నడు. ఆయన నోరు కట్టుకుంటె ముంగట నేనెట్ల తింట? ఏటా కొన్ని దినాలు ఆయనతోని నేను గూడ ఉంట.”

“ఇక్కడికొచ్చే వాళ్లంతా ఏమీ తిన్లేదనే చెప్తారన్నా” అన్నాను. నా గొంతులోని వెటకారం నాకే వినిపించింది. తిని అయినా ఉండాలి, జబ్బు ముదిరి అయినా ఉండాలి. మూడో కారణం నా బుర్రకు తట్టలేదు.

అతని మొహం మాడిపోయింది. “అబద్ధం జెప్తె నాకేమొస్తది మేడం? షుగరని రాస్తె క్రేన్ దించుతరు. వీసా గూడ గీ నెలల్నె రెన్యువల్.” జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “ఫోర్‌మన్. రేపు క్రేన్ ఎవరెక్కుతరని అడుగుతడు. ఏం జెప్పాలె?”

సూది, దూది సర్దుకుంటున్నాను. అంతలో అతను కవరు నా వైపు చాపాడు. “ఇఫ్తార్ పాకెట్. ఒక్కపొద్దు ఇడిచేటందుకు ఖజూర్లు. పగటీలి సంది క్యాంపుల అందరం కలిసి గివే కడ్తున్నం. నడిమిట్ల మీ నర్సమ్మ పిలిస్తె లేచొచ్చి సూది పొడిపిచ్చుకున్న. తీస్కోండ్రి.”

నేను అందుకున్నాను. కవరు అతని వేళ్లను వదల్లేదు. అతను రెండో చేత్తో లాగితే ఆ చేతికీ అంటుకుంది.

మధ్యాహ్నం నుంచి ఈ చేతులు ఖర్జూరాలు పంచి కడుతున్నాయి. నర్సు వేలిని స్పిరిట్‌తో తుడిచే ఉంటుంది. స్పిరిట్ క్రిముల్ని చంపుతుంది గానీ ఖర్జూరపు పాకాన్ని కడగదు. పాకం మీద నుంచి జారిన చుక్కనే మిషన్ పీల్చుకుంది.

“అన్నా, పద. ముందు చేతులు కడుక్కో. సబ్బుతో. మళ్లీ ఒకసారి.”

ఈసారి వేలు ముట్టుకోలేదు. మోచేతి దగ్గర నరం నుంచి తీశాను. పళ్లెం తిరిగింది, సూది దిగింది. ముదీర్ వచ్చి వాచీ చూసుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎండిన పెదాలతో అతను తెర వైపే చూస్తున్నాడు. దేవుణ్ణి మొక్కుకోవడం నేను ఆ ల్యాబులో అదే మొదటిసారి.

తొంభై ఒకటి.

“నీకు షుగర్ లేదన్నా” అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ముదీర్ తన గదికి వెళ్లిపోయాడు. మొదటి చుక్కకు ఏమైందో విడమరిచి చెప్పాను. అతను కడిగిన చేతుల్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

“మిషన్నేమనకు చెల్లె. ఖజూర్ తియ్యగున్నది మరి.”

వీధి చివరి మసీదు నుంచి అజాన్ వినబడింది. కవరు విప్పి ఒక ఖర్జూరం అతనికిచ్చి, ఒకటి నేను తీసుకున్నాను. అతని ఫోన్ మళ్లీ మోగింది, ఫోర్‌మనే. నోట్లో ఖర్జూరంతోనే ఎత్తాడు.

“హా భాయ్... కల్ మై హీ చఢూంగా.”

పెట్టేశాక, నాతోనో తనతోనో గానీ, తెలుగులో ఇంకోసారి అన్నాడు.

“రేపు నేనే ఎక్కుత.”