చిల్లున్న ఆల్చిప్ప

తార్నాకలో కాపురం పెట్టిన నాటి నుంచీ పద్మావతి వంటింటి గూట్లో ఒక ఆల్చిప్ప ఉండేది. పెళ్లయిన కొత్తలో ఉప్పాడ సముద్రపుటొడ్డున ఏరుకున్నది. భర్త కొండలరావు దాని వీపును గుమ్మం ముందు రాతి మీద అరగదీసి, అరగదీసి, నడిమధ్య ఒక చిల్లు చేసిచ్చాడు. ఆ చిల్లు అంచుతో గీస్తే మామిడికాయ చెక్కు ఉల్లిపొరలా లేచొచ్చేది. ఏటా మాగాయ పచ్చడి పెట్టే రోజుల్లో ఆయన కాయలు తుడిచి అందించడం, ఈవిడ చెక్కు తీయడం.

కార్తీకంలో ఆయన పోయాడు. ఎండలు ముదిరాక కొడుకు జశ్వంత్ కాయలు తెచ్చి, మాగాయ నాన్నకిష్టం కదా, ఈ ఏడూ పెట్టమ్మా అన్నాడు. సరేనని గూట్లో చెయ్యి పెడితే ఆల్చిప్ప లేదు. పోనీ పీలరు కొనుక్కొస్తానన్నాడు వాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

ఆ ఇంట్లో పనిచేసేది లచ్చమ్మ. మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లో అడ్డంపడి నడిచొస్తుంది. మెడలో ఎర్రదారానికి ఒక గవ్వ, ఎల్లమ్మ తల్లికి మొక్కి కట్టుకున్నది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. అడిగితే ఉన్నమాట చెప్పేసింది.

"చిల్లు పడ్డదమ్మా అది. పల్గినదాంతో ఏం పని అని నిన్న చెత్తల ఏసిన."

పద్మావతి పోనీలే అంది. ఎవరినీ ఒక మాట అనలేని మనిషి. లచ్చమ్మ పని ముగించి వెళ్లాక, గొడుగు కర్ర పట్టుకుని వీధి మలుపులో చెత్తకుండీ దగ్గరికి తనే దిగింది.

ఆ పూట క్యాంపస్‌లో జై తెలంగాణ కేకలు ఆగకుండా వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి పెద్ద చప్పుళ్లు. టియర్ గ్యాస్ షెల్ ఒకటి పొగ కక్కుతూ రోడ్డు మీద దొర్లింది. కళ్లలో కారం కొట్టినట్టయి పద్మావతి అక్కడే కూలబడింది. దారి మూసేశారని వెనక్కి మళ్లిన లచ్చమ్మ చూసి పరుగెత్తుకొచ్చింది. కొంగు తడిపి ఆవిడ ముక్కుకు అదిమి, పక్క దుకాణం మెట్ల మీదికి లాక్కుపోయింది.

"కళ్లు నలపకమ్మా. ఏం పోయిందని గీ పొగల దేవులాడుతున్నవ్?"

"ఆ చిల్లు మీ అయ్యగారు చేసింది, లచ్చమ్మా."

అంతే, ఇక ఆగలేదు. ఆయన పోయిన నాడు, కొడుకు బెంబేలెత్తుతాడని ఆవిడ కంట తడి రానివ్వలేదు. ఇవాళ వీధి వీధంతా ఏడుస్తోంది, ఎందుకేడుస్తున్నావని అడిగే వాళ్లు లేరు. ఆ పొగకు కూడా దణ్ణం పెట్టాలనిపించిందట ఆవిడకు.

పొగ పలచబడేదాకా లచ్చమ్మ తడి కొంగు ఆవిడ ముఖానికి అద్దుతూ కూర్చుంది. చివరికి చల్లారిన షెల్‌ను కాలితో దొర్లించి, "దీనికి చిల్లు కొడితే చెక్కొస్తదా అమ్మా?" అంది. పద్మావతి ఆ ఏడుపులోనే నవ్వింది.

చెత్తబండి పొద్దున్నే వచ్చి పోయింది, ఆల్చిప్ప ఇక దొరకదు. లచ్చమ్మ ఊరికి కబురు పంపింది. వాళ్ల అన్న ఎంకన్న ఎండిన చెరువులో ఏరిన చిప్పలు సంచిలో వేసి పంపాడు. ఆంధ్రోళ్లకు చిప్పలు మోస్తున్నవా అని బస్తీలో ఎవరో ఎత్తిపొడిచారట. "మనకు సముద్రం లేదు గద, నా మెడల గవ్వ ఏ చెరువుల పుట్టిందో చెప్పు" అని వాడి నోరు మూయించి వచ్చింది.

ఇద్దరూ డాబా ఎక్కి అరగదీయడానికి కూర్చున్నారు. చెరువు చిప్పలు పలచన. ఒకటి పొడైంది, ఇంకోటి రెండు చెక్కలైంది. ఆపైది లచ్చమ్మ తీసుకుని, పంటి బిగువున, నెమ్మదిగా రుద్దింది. వంకరదే గానీ చిల్లు పడింది. దాంతో చెక్కు కాస్త మందంగా, తెగి తెగి వచ్చింది. అయినా కాయలన్నీ పద్మావతి దాంతోనే తీసింది. తుడిచి అందించింది లచ్చమ్మ.

ముక్కలు ఎండి మాగాయ కలిపాక మొదటి సీసా లచ్చమ్మ బస్తీకే వెళ్లింది. మర్నాడు పద్మావతి గూట్లో చెయ్యి పెడితే మళ్లీ ఆల్చిప్ప లేదు. తలెత్తి చూసింది. గూటి పక్కన మేకుకు, చిల్లులోంచి దూర్చి కట్టిన ఎర్రదారంతో, అది వేలాడుతోంది.

"గట్లుంటే ఎవ్వరూ పారెయ్యరమ్మా," అంది లచ్చమ్మ గిన్నెలు తోముతూ, ఇటు తిరగకుండానే.