స్పిరిట్ పళ్లెం

మా పిన్ని వేళ్లు చూసి ఆమె ఉద్యోగమేమిటో చెప్పేయొచ్చు. ఎంత తోమినా పచ్చదనం పోదు. ఇరవై రెండేళ్లుగా పరిశోధనశాలలో కమలా, నారింజ పండ్ల తొక్కలు ఒలిచి, ఎండబెట్టి, పొడికొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి సారం తీస్తోంది. దాన్ని గాజు పళ్లేల్లో పెంచిన క్యాన్సర్ కణాల మీద చుక్కలుగా వేసి, రెండు రోజులాగి, ఎన్ని బతికాయో మైక్రోస్కోపులో లెక్కపెడుతుంది. అక్కడ అందరూ ఆమెను తొక్కల మేడం అంటారు. మరి పండంతా ఎవరు తింటారంటే, షుగరున్న ప్రొఫెసర్ గారు తప్ప అందరమూ అంటుంది.

మూడు నెలల కిందట ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, సారం వేసిన పళ్లెంలో కణాలన్నీ చచ్చిపోయాయని ఉబ్బితబ్బిబ్బవుతూ చెప్పింది. మా అమ్మ గరిటె పక్కన పెట్టి, చెల్లెల్ని గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంది. రొమ్ములో గడ్డ తగులుతోందని అప్పుడే చెప్పిందట. ఈ సంగతి నాకు మొన్నటిదాకా తెలియదు.

ఆ రోజే ఆసుపత్రికి లాక్కెళ్లాల్సింది. నా కోపమంతా అక్కడే. కానీ అమ్మకు సూదంటే వణుకు, పిన్నికి అక్కంటే ప్రాణం. పరీక్ష చేయించుకోమని రెండుసార్లు బతిమాలింది. మూడోసారి తొక్కల పొడి డబ్బా తెచ్చిచ్చింది, రోజుకు రెండు చెంచాలు వేడినీళ్లలో వేసుకోమని. తను కళ్లారా చూసింది కదా మరి.

చూసినా భయం పోలేదు. ఆ కణాలు ఒక్క రోజులో రెట్టింపవుతాయని ఆమెకు తెలిసినంతగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మైక్రోస్కోపులో అవి కనబడగానే అక్క ఒంట్లోవే అనిపించేదట.

మొన్న మంగళవారం ప్రొఫెసర్ గారు నోటుబుక్కులో ఆ మూడు నెలల కిందటి ప్రయోగం తిరగేసి, ఉత్త స్పిరిట్ వేసిన పళ్లెం ఏదని అడిగారు. ప్రతి ప్రయోగంలోనూ అలాంటిదొకటి పెట్టాలి. అందులో సారం కలపకుండా అంతే స్పిరిట్ వేసి చూడాలి. ఆ వారం పళ్లేలు తక్కువపడ్డాయని పిన్ని దాన్ని పెట్టలేదు. స్పిరిట్ ఇన్నేళ్లలో కణాల్ని ఏమీ చేయలేదు, ఇప్పుడేం చేస్తుందిలే అనుకుంది. సారం చిక్కగా ఉందని ఆ వారమే స్పిరిట్ మూడింతలు పోసిన సంగతి తట్టనే లేదు.

మళ్లీ అదే కొలతలతో అన్నీ పెట్టి, గురువారం తీసి చూసింది. తొక్క వాసనే తగలని పళ్లెంలో కూడా ఒక్క కణం బతికి లేదు. తెల్లకోటు విప్పకుండానే బస్సెక్కింది.

తలుపు తీసింది నేనే. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, అమ్మ చేతిలోని పొడి డబ్బా లాక్కుని సింకులో బోర్లించింది. ఈవిడకి పిచ్చెక్కిందా అనుకున్నాను.

“అక్కా, కణాల్ని చంపింది తొక్క కాదు, స్పిరిట్. తప్పు నాదే. నీ గడ్డ ఇప్పుడే డాక్టరుకు చూపిద్దాం, పద.”

గడ్డ అన్న మాట నేను వినడం అదే మొదలు. అమ్మ తాపీగా స్టౌ ఆర్పింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

“అది పనిచేయట్లేదని నాకు నెల కిందటే తెలుసే. పెరుగుతూనే ఉంది. నువ్వు రోజూ ఫోన్ చేసి తగ్గిందా తగ్గిందా అని అడుగుతుంటే, లేదనడానికి నోరు రాలేదు. అందుకే తగ్గిందన్నాను.”

చెల్లెలి చేయి పట్టుకుని తన చంక కింద పెట్టుకుంది. “ఇక్కడ ఇంకోటి వచ్చింది, చూడు.”

ఆ పచ్చటి వేళ్లు అక్కడే ఆగిపోయాయి. పిన్ని ఏం చెబుతుందోనని ఆమె నోటివైపే చూశాను. చెప్పులేసుకోండి, చెప్పులేసుకోండి అని అరిచాను. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.