వంతెన దగ్గర లేని మనిషి

ఐర్లండులోని క్లూన్‌గారా ఊళ్ళో ఇంగ్లీషు సైన్యం చంపినవాళ్ళకన్నా డింఫ్నా కిల్గానన్ చంపినవాళ్ళే ఎక్కువ. సైన్యం బతికున్నవాళ్ళని చంపింది, అదేం గొప్ప? డింఫ్నా సమాధుల్లో హాయిగా పడుకున్నవాళ్ళని లేపి మరీ చంపింది. అందుకు ఆవిడకి తుపాకీ అక్కర్లేదు. డబ్లిన్‌కి రైలు టికెట్టు, చెక్కిన పెన్సిలు చాలు.

వంతెన పక్కన ఒక రాయి ఉంది. 1921లో, స్వతంత్ర యుద్ధంలో, అక్కడ కాపు కాసి ఇంగ్లీషు సైనికుల లారీ మీద కాల్పులు జరిపినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కారు. పేర్లు పట్టుమని డజను కూడా ఉండవు. వాళ్ళ మనవల మాట వింటే మాత్రం ఆ రోజు వంతెన మీద కాలు పెట్టే చోటు లేదు, సగం జిల్లా తోసుకుని ఏట్లో పడింది. ఏటా ఈస్టరుకి రాయి దగ్గర పూలదండ పెడతారు. పేరున్న ఇళ్ళవాళ్ళు ముందు వరసలో, లేనివాళ్ళు వెనక గోడ దగ్గర. పబ్బులో పొయ్యి పక్క కుర్చీ ఎవరిదన్నది కూడా ఆ వరసే తేలుస్తుంది.

ఒకసారి ఒక ఇంటివాళ్ళు, యుద్ధమంతా ఇంగ్లండులో, లివర్‌పూల్ రేవులో బస్తాలు మోసిన తాతని గుట్టుచప్పుడు కాకుండా ఆ రాయెక్కించారు. డింఫ్నా డబ్లిన్ వెళ్ళి, పాత సర్కారు దస్తరాలు తిరగేసి, ఆ తాత బండారం నకలు రాసుకొచ్చి, ఆదివారం పూజ అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి చదివింది. పేరుని ఉలితో కొట్టేశారు. ఆ గుంటలో ఇప్పుడు నాచు పెరుగుతోంది. అప్పటినుంచి సర్కారు కాగితం లేనిదే రాయి మీద పేరు లేదు. ఆ కాగితం తెచ్చేదీ, చదివేదీ డింఫ్నాయే.

ప్యాకీ డర్కన్ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వెనక గోడ దగ్గరే నిలబడ్డాడు. వాళ్ళ నాన్న మార్టిన్ ఆ రోజు వంతెన దగ్గర కాల్చాడనీ, అందుకే సైన్యం వాళ్ళ ఇల్లు తగలబెట్టిందనీ ప్యాకీ మాట. పొయ్యి మీద పందికొవ్వు అంటుకుని ఇల్లు కాలిందని ఊరి మాట. తొంభై ఏళ్ళకి దగ్గరపడ్డాక ఒక ఉదయం ఆయన కర్ర పట్టుకుని డింఫ్నా గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మాయ్," అన్నాడు, అరవై దాటిన డింఫ్నాని. "నా గుండె గురించి చెప్పేటప్పుడు డాక్టరు గడియారం చూస్తున్నాడు. వచ్చే ఈస్టరుకి ముందు వరసలో నిలబడాలి. ఒక్కసారి చాలు."

"కాగితంలో ఏముంటే అదే చదువుతాను ప్యాకీ. పందికొవ్వని ఉంటే పందికొవ్వనే చదువుతాను."

"చదువు. మా నాన్న అబద్ధమాడడు."

"లివర్‌పూల్ తాత మనవడూ ఇదే అన్నాడు."

డింఫ్నా డబ్లిన్ వెళ్ళింది. స్వతంత్రం వచ్చాక పోరాడినవాళ్ళకి సర్కారు పింఛను ఇచ్చింది. ఎవరు పోరాడారో సర్కారుకేం తెలుసు? ఆ ఊరి దళనాయకుడు సంతకం పెట్టాలి. క్లూన్‌గారా దళనాయకుడు ఫెలిం కిల్గానన్, డింఫ్నాకి సొంత తాత, రాయి మీద మొదటి పేరు. మార్టిన్ డర్కన్ అర్జీ మీద ఆయన చేతిరాత ఉంది: "ఇతను వంతెన దగ్గర లేడు. ఆ రోజంతా కోళ్ళగూట్లో దాక్కున్నాడు."

డింఫ్నాకి నవ్వాగలేదు. ఎదురు బల్ల దగ్గరాయన తలెత్తి చూశాడు.

అక్కడితో లేచి రావచ్చు. కానీ ఆవిడ సగం చూసి వచ్చే మనిషి కాదు. ఇంగ్లీషువాళ్ళ పోలీసు నివేదికల ఫిల్ము రీలు కూడా తెప్పించుకుంది. అందులో ఒక సార్జెంటు రాశాడు: "గోడ మీంచి కాల్చినవాణ్ణి గుర్తుపట్టాను. మార్టిన్ డర్కన్. మర్నాడు అతని ఇల్లు తగలబెట్టించాం."

ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక మనవాళ్ళు రెండు వర్గాలై ఒకరినొకరు కాల్చుకున్నారు. ఫెలింది ఒక వర్గం, మార్టిన్‌ది ఇంకోటి. తాత ఎందుకలా రాశాడో డింఫ్నాకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. తాత ఒక్కచోట అబద్ధం రాశాడని తేలితే, ఆయన సంతకం మీద నిలబడ్డ పేర్లన్నీ కదులుతాయి. ఈస్టరుకి ముందు వరస ఖాళీ అవుతుంది.

పెన్సిలు మొన చూసుకుంది. తాత రాసింది అక్షరం పొల్లుపోకుండా దించుకుంది. రీలుని వెనక్కి తిప్పి, డబ్బాలో పెట్టి, కౌంటర్లో ఇచ్చేసింది. తిరుగు రైల్లో హ్యామ్ శాండ్‌విచ్ తింది. ఆవముద్ద తక్కువైందని అమ్మినవాణ్ణి తిట్టింది కూడా.

చర్చి హాల్లో, రాయి మీద పేర్లు తేల్చే కమిటీ కూర్చుంది. ప్యాకీ టై కట్టుకుని వచ్చాడు. డింఫ్నా చదివింది. హాలంతా పగలబడి నవ్వింది.

"ఏం ప్యాకీ, మీ నాన్న గుడ్లేమన్నా పెట్టాడా?" అన్నాడు కమిటీ పెద్ద టర్లో.

"ఇంకోసారి చదువమ్మాయ్," అన్నాడు ప్యాకీ.

డింఫ్నా మళ్ళీ చదివింది, ఈసారి నిదానంగా, కోళ్ళగూడు దగ్గర కాస్త ఆగి.

"ఇల్లు గురించి ఏం లేదా?"

"ఈ కాగితంలో లేదు."

ప్యాకీ టై ముడి వదులు చేసుకుని, కర్ర వెతుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి బడిపిల్లలు ఆయన్ని చూస్తే కోళ్ళలా కూశారు. పబ్బులో ఆయన కుర్చీలో ఎవరో ఉడకబెట్టిన గుడ్డు పెట్టారు. ఆయన దాన్ని పక్కకి తీసిపెట్టి కూర్చున్నాడట. ఆ తరవాత మళ్ళీ పబ్బుకి రాలేదు. ఈస్టరు రాకముందే పోయాడు.

ఆ రాత్రి శవజాగారానికి ఊరంతా ప్యాకీ ఇంట్లో చేరింది. శవం ఉన్న గదిలోంచి డింఫ్నా వంటింట్లోకి టీ కోసం వచ్చినప్పుడు, రెండు గ్లాసుల విస్కీ పడ్డ టర్లో ఆవిడ భుజం తట్టాడు.

"నీకు మొక్కాలి తల్లీ! తండ్రినీ కొడుకునీ ఒక్క కాగితంతో లేపేశావు. సైన్యం వల్ల కూడా కాలేదు."

డింఫ్నా కప్పు సాసరులో పెట్టింది.

"నేనెవర్నీ చంపలేదు. ప్యాకీది గుండెజబ్బు. కాగితాలు రెండున్నాయి, నేను ఒకటి చదివాను."