పండు చూసే వేలు

మా కాపలా కంపెనీలో ఆమెను అందరూ టక్కక్క అంటారు. ఆ పేరు వచ్చి రెండేళ్లే అయింది. అంతకుముందు ఆమె ఊరికే అక్క. పందొమ్మిదేళ్లుగా ఒకే బ్యాంకు తలుపు దగ్గర నిలబడిన మనిషి. నడుముకు బెల్టు, బెల్టుకు రివాల్వరు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని ఒరలోంచి తీయాల్సిన అవసరం రాలేదు. ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని మెట్టెక్కించడం, గొడుగు మరిచిపోయినవాళ్ల వెనక పరిగెత్తడం, ఇవే ఆమె చేసిన యుద్ధాలు.

నేను అదే కంపెనీలో తుపాకులు బాగుచేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదట కుట్టుమిషన్లు విప్పేవాణ్ణి, తర్వాత తాళాలు, ఆ తర్వాత ఇవి. ఎక్కడున్నా స్ప్రింగు స్ప్రింగే.

ఆయుధం పెట్టుకునేవాళ్లకి కాల్పుల పరీక్ష ఉంటుంది. ముప్పై తూటాల్లో ఇరవై ఒకటి వలయంలో పడాలి. వరసగా మూడుసార్లు తప్పితే బెల్టు తీసుకుని కెమెరా గదిలో కూర్చోబెడతారు. అక్క అప్పటికే రెండుసార్లు తప్పింది. ఒకసారి పదిహేడు, ఒకసారి పద్దెనిమిది. మూడోదానికి మూడు నెలలు గడువు. ఆమె సర్వీసు చూస్తే ఇంకో మూడేళ్లే మిగిలాయి.

ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇన్నేళ్లు నిలబడి, చివరికి కూర్చుని పోవాలా తమ్ముడూ? ఈ ట్రిగ్గర్ కొంచెం తేలిక చేసిపెట్టు."

"చెయ్యనక్కా. జనం మధ్య ఉండే తుపాకికి ట్రిగ్గర్ బరువుగానే ఉండాలి. అయినా నీ ఇబ్బంది బరువుతో కాదు."

ఆ ఇబ్బందేమిటో అంతకు వారం ముందే అందరం చూశాం. కాల్పులు నేర్పే మాస్టారు రివాల్వరులో నాలుగు తూటాలూ రెండు పేలిపోయిన ఖాళీ తూటాలూ కలిపి పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పకుండా ఆమె చేతికిచ్చాడు. పక్కన నిలబడి, "లాగు! లాగమ్మా లాగు!" అని అరిచాడు. ఆయన గొంతు బడి గంటకు అన్న. రెండోసారికే ఖాళీ తూటా వచ్చింది. చప్పుడు లేదు, వెనక్కి తన్నడమూ లేదు. కానీ తుపాకి మూతి మాత్రం చేపకోసం కొంగ ముక్కు ముంచినట్టు జానెడు కిందికి దిగింది. అందరూ విరగబడి నవ్వారు. అక్క నవ్వలేదు. పేలబోతుందని చెయ్యి ముందే ఉలిక్కిపడుతోంది. పామును చూడకముందే తాడుకు గెంతే చెయ్యి అది.

దానికి మందు ఒక్కటే. తూటా లేని తుపాకిని వందలసార్లు కాల్చాలి. పేలదని చేతికి నమ్మకం కుదిరితే ఉలికిపాటు దానంతటదే పోతుంది. కానీ కంపెనీ తుపాకి ఇంటికి పంపరు. అందుకని పనికిరాదని పక్కన పడేసిన రివాల్వరు ఒకటి తీశాను. గొట్టంలో ఇనుప కడ్డీ దూర్చి వెల్డింగ్ చేశాను. తూటాను కొట్టే సుత్తి మొన అరగదీశాను. పిడికి ఎర్ర టేపు చుట్టాను. ఇక అది ఎన్ని జన్మలెత్తినా పేలదు. ఇంటికి పంపడానికి మేనేజరు చేత కాగితం రాయించాను.

అసలు పని ట్రిగ్గర్‌ది. అక్క తుపాకిది లాగుతుంటే మొదట కొంచెం వదులు, తర్వాత తూటాల చక్రం తిరుగుతూ బరువు, చివర వెంట్రుకవాసిలో చిన్న ఆగుదల, ఆ తర్వాత తెగి సుత్తి పడుతుంది. ఆ ఆగుదల నుంచి తెగేదాకా మూతి కదలకూడదు, అంతే విద్య. పాతదానిలోనూ అదే ఆగుదల అక్కడే రావాలని మూడు రోజులు ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకుని రెండూ మార్చి మార్చి చూసుకున్నాను. ఏది ఏదో నాకే తెలియనప్పుడు ఆకురాయి కింద పెట్టాను.

ఆదివారం పొద్దున పట్టుకెళ్లాను. అక్క భర్త లారీ డ్రైవరు, నెలలో వారమే ఇంట్లో ఉంటాడు. మిగతా రోజులు అత్తాకోడళ్లిద్దరే. అత్తగారికి ఎనభై దాటాయి. మోకాళ్లు పోయాయి గానీ కళ్లూ నోరూ బాగానే పనిచేస్తాయి. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏమే, ఇంట్లోకి తుపాకి తెచ్చావా? నా మీద అంత కోపమైతే ముందే చెప్పొచ్చుగా!"

"పేలదత్తా. పేలేదైతే ఎప్పుడో తెచ్చేదాన్ని," అంది అక్క.

పేలని తుపాకికైనా పద్ధతి పద్ధతేనని చెప్పాను. ముందు చక్రం తెరిచి చూపించాలి. అత్తగారు ఒక్కో గుంటలో వేలు పెట్టి, "ఆరు గుంటలు, ఆరూ ఖాళీ," అంది. ఆవిడ దగ్గర చొక్కా గుండీ ఒకటి అడిగి తీసుకుని తుపాకి గొట్టం మీద చివర్న నిలబెట్టాను. ఎదుటి గోడ మీద సున్నపు చుక్క. అక్క గురిపెట్టి లాగింది. టక్. గుండీ ఎగిరి మంచం కిందికి పోయింది.

"కదిలింది," అంది అత్తగారు. "నువ్వే పడేశావు, నువ్వే వెతుక్కో."

పదిసార్లు లాగింది, పదిసార్లూ పడింది. నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. మెల్లగా, నేరుగా, ఊపిరి ఆపి. ఒక్కటీ వేలిదాకా పోలేదు. అంతసేపూ చూస్తూ కూర్చున్న ముసలమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వేం చెయ్యమంటున్నావు బాబూ దాన్ని?"

"ట్రిగ్గర్ లాగమంటున్నా పెద్దమ్మా."

"అదీ సంగతి. లాగమంటే లాగుతోంది మరి. పండు మాగిందో లేదో ఎవరన్నా లాగి చూస్తారా?"

ఆవిడ నలభై ఏళ్లు తోపుడుబండి మీద పళ్లమ్మింది. కోడల్ని దగ్గరికి పిలిచి, ఆమె మోచేతి పైన కండ మీద చూపుడువేలు ఆనించింది.

"వేలు ఆనించాలి. ఆనించి అడగాలి. కొంచెం కొంచెంగా అడుగుతూ ఉంటే పండే చెప్తుంది మాగానో లేదో. ఎప్పుడు చెప్తుందో నీకెందుకు? తొందరపడ్డావా, మచ్చ పడుతుంది. మచ్చపడ్డ పండు మనమే తినాలి."

అక్క మళ్లీ గురిపెట్టింది. ఈసారి చాలాసేపు పట్టింది. టక్. గుండీ ఊగింది, పడలేదు.

ఇరవై ఏళ్లుగా ట్రిగ్గర్లు అరగదీస్తున్నాను. ఇంత సరైన మాట నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రోజు నుంచి డ్యూటీకి వెళ్లేముందు రోజూ పావుగంట. టక్, టక్. పైవాటావాళ్లు మేకులు కొడుతున్నారనుకున్నారట. ఆ కబురు కంపెనీదాకా వచ్చి, అక్క టక్కక్క అయింది. పట్టుమని పదిమంది లేని మా గదిలో ఒకడు టక్కరక్క అని కూడా అన్నాడు. "టక్కరినైతే మీతో పనిచేస్తానా?" అంది.

ఇంట్లో తీర్పు అత్తగారిది. తుపాకి టక్కుమనగానే అక్క తల తిప్పకుండా అడిగేది, "కదిలిందా?" కుర్చీలోంచి కదిలిందనో, కదల్లేదనో జవాబు. ఒకరోజు స్నానానికి నీళ్లు చల్లగా ఉన్నాయని ముసలమ్మకు కోపమొచ్చింది. వరసగా ఆరుసార్లు కదిలిందనే అంది.

"అత్తా, గుండీ ఇంకా దానిమీదే ఉంది."

"అయితే గుండీ అబద్ధమాడుతోంది."

పరీక్ష రోజు నేనూ వెళ్లాను, తుపాకులు చూసేవాణ్ణి గనక. మొదటి ఇరవై నాలుగు తూటాల్లో పద్దెనిమిది వలయంలో పడ్డాయి. ఇంకా ఆరున్నాయి, మూడు పడాలి. మాస్టారు వెనక నిలబడి ఉన్నాడు. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోది, టక్.

తూటా చెడ్డది. వెయ్యికొకటి అలా వస్తుంది. ఆలస్యంగా పేలొచ్చు గనక మూతి అటే ఉంచి అరనిమిషం ఆగాలని నియమం. గదిలో ఎవరూ కదల్లేదు. అక్క చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. ఆ టక్కు చెవినపడేసరికి తాను ఎక్కడుందో మరిచిపోయినట్టుంది. తల తిప్పకుండా, ఇంట్లో అడిగినట్టే గట్టిగా అడిగింది:

"కదిలిందా?"

చెవులకు మూతలున్నా అందరికీ వినపడింది. ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఒక క్షణం ఆ మూతి వైపే చూశాడు.

"కదల్లేదమ్మా," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని మాకు అప్పుడే తెలిసింది.

చెడ్డ తూటా తీసి వేరేది ఇచ్చారు. మొత్తం ఇరవై మూడు పడ్డాయి. బెల్టు ఉన్నచోటే ఉంది. మర్నాడు పొద్దున ఆమె తన తలుపు దగ్గర నిలబడి ఎవరి గొడుగో దులిపి పెడుతోంది.

వారం తర్వాత మాస్టారు నా బల్ల దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి, "ఆమెకేం చెప్పావు?" అన్నాడు.

"నేను కాదు సార్. వాళ్ల అత్తగారు. వెళ్లి అడగండి, నాలుగు పళ్లు పట్టుకెళ్తే బాగా చెప్తుంది."

నిజంగానే పట్టుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ముసలమ్మ సంచిలోంచి ఒక పండు తీసి, వెలుగులో తిప్పి చూసింది. పక్కన బొటనవేలంత నల్లటి గుంట.

"ఇది నొక్కి చూసిందెవరు?"

"నేనేనండీ. మాగిందో లేదో అని..."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, వేలును దీక్షగా చూసింది.

"ఈ వేలితోనా నాయనా, నా కోడలికి పాఠం చెప్పావు? అలా కూర్చో. ఏమే, ఆ గుండీ ఇలా పట్రా!"