పెద్దమ్మ మధ్యలో వదిలేసిన నాటకాలు

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున హార్బరు నుంచి చేపలు తెచ్చుకుని, నెత్తి మీది బేసిన్ దించి, గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళు అడిగిందట. కోడలు చెంబుతో వచ్చేసరికి లేదు. నేనప్పుడు పెందుర్తిలో గోడలకి మీటింగు పోస్టర్లు అంటిస్తున్నాను. "అత్త ఎల్లిపోనాదే," అంది కోడలు ఫోన్లో. అంతే. ఆ ఇంట్లో వాళ్ళు ఫోన్లో ఏడవరు.

నేను జాలరిపేట చేరేసరికి సందు మొదట్లో అప్పుడే ఫ్లెక్సీ కట్టేశారు. ఆవిడ ఫొటో, దాని కింద ఆవిడ మొహం కన్నా పెద్ద అక్షరాలతో "కళాభిమాని". మర్నాడు సాయంత్రం సంతాప సభ. కట్టించింది బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో ఉండే పెద్దమనుషుల సాంస్కృతిక సంఘం. పేటలో ఏ నాటకమైనా ముందు వరసలో చుట్ట కాలుస్తూ కూర్చునే ముసలమ్మ అని ఒకసారి పేపర్లో ఆవిడ ఫొటో పడింది. వాళ్ళకి తెలిసిందల్లా ఆ ఫొటోయే.

చదివేవాళ్ళకి ముందే చెబుతున్నాను. ఆవిడ కళాభిమాని కాదు. ఆవిడ చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. మా వీధినాటకాలు ఒక్కటి కూడా చివరిదాకా చూడలేదు. నాకు ఆవిడ మీద ఇంకా కోపం ఉంది. ఉండగానే రాస్తున్నాను, చల్లారాక రాస్తే అబద్ధాలొస్తాయి.

మాది సబ్బవరం పక్క పల్లె. పొలం పోయాక నాన్న పోర్టులో కాంట్రాక్టు పనికి కుదిరి, ఈ సందులో అద్దెకి దిగాడు. చదువు మానేసి నేను చదివిందంతా మీటింగుల దగ్గర నేల మీద పరిచి అమ్మే చిన్న పుస్తకాలే. కళ ప్రజలదని, ప్రజలే దానికి న్యాయనిర్ణేతలని వాటిలో చదివాను. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. నలుగురం కలిసి జట్టు కట్టి, డప్పు కొని, నాటకాలు మొదలుపెట్టాం. తీరా ప్రజలంటూ మా ముందు కూర్చున్నది ఈ పెద్దమ్మ.

ఎలా కూర్చునేదో చెప్పాలి. చేపలమ్మేసి, ఖాళీ సిల్వరు బేసిన్‌తో తిన్నగా నాటకం దగ్గరికే వచ్చేది. అందరికన్నా ముందు దాన్ని ఇసకలో బోర్లించి దాని మీద కూర్చునేది. చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. భారీ మనిషి. ఆవిడ బరువుకి బేసిన్ అడుగు లోపలికి సొట్టపోయేది. లేచినప్పుడు ఆ సొట్ట "టంగ్"మని పైకి పొంగేది. ఇక పాతగుడ్డ చుట్టకుదురు నెత్తిన, బేసిన్ దాని మీద, మనిషి ఇంటికి. వెనకాల తమ బేసిన్లు బోర్లించుకు కూర్చున్న ఆడవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు, టంగ్, టంగ్. మా నాటకం అయిపోవడమంటే అదే.

ఒకసారి అడిగేశాను. "అమ్మారి పండక్కి రికార్డింగ్ డాన్సు వేస్తే తెల్లార్లూ కూచున్నావు కదా. అదేనా కళ?"

"కళో గిళో నాకేటి తెల్దు. ఆ డాన్సు గుంటలు సెమటోడ్సి ఆడేరు, నాను కూకున్నాను. నువ్వు పాటం సెప్పేవు, లెగిసేను."

"పాఠం కాదు, చైతన్యం!"

"ఆ సైతన్యవేదో నాను కూకున్నప్పుడే పెట్టకపోయావా? లెగిసిపోనాక ఎవరికి పెడతావ్?"

ఇలాంటి మనిషితో ఎలా వాదించాలో నా పుస్తకాల్లో లేదు. ఇంటికి పోయి కంచం విసిరేశాను. అమ్మ అన్నం ఎత్తుతూ, "పెద్దమ్మ మీద కోపం మెతుకుల మీదేటే," అంది.

బీచ్ రోడ్డు మూల మీద ఈవిడా ఇంకొందరూ ఏళ్ళుగా చేపలమ్మేవారు. నగరాన్ని అందంగా చేస్తున్నామని ఒక రోజు కార్పొరేషన్ వాళ్ళు జీపులో వచ్చి వాళ్ళ బేసిన్లు ఎత్తి రోడ్డు మీద పడేశారు. ఆ మూల పోతే ఎండలో ఇంటింటికీ తిరిగి అమ్ముకోవాలి. అరిగిన మోకాళ్ళతో ఆవిడకి అది చేతకాదు. నేను రగిలిపోయి రాత్రికి రాత్రి నాటకం రాస్తే, మర్నాడు సాయంత్రం ఒడ్డున పడవల పక్కన ఆడాం. అందులో చేపలమ్మే ముసలమ్మ వేషం నాదే. ఆఫీసరు కాళ్ళు పట్టుకుని ఏడుస్తాను. ఏడుపు బాగానే కుదిరింది. కాళ్ళ మీద పడగానే ఇసకలోంచి టంగ్.

వేషంలోనే వెనక పరిగెత్తాను. "నీ గురించే కదా పెద్దమ్మా! నీ మూల కోసమే కదా!"

ఆవిడ ఆగింది. "నాను నిన్న ఆడి కాళ్ళట్టుకున్నానేటే?"

"లేదు."

"ఏటి సేసేను?"

"తిట్టావు. జీపు మీద చేపల నీళ్ళు కుమ్మరించావు."

"మరి నీ నాటకంలో ఏడుత్తన్నదెవర్తే? నానెప్పుడేడిసేను? దాన్ని తీసుకెల్లి ఏడిసేవోళ్ళకి సూపించు."

చూపించాను. అదే నాటకాన్ని పట్టుదలగా నాటకాల పోటీకి తీసుకెళ్ళాను. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, మధ్యలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. నేను కాళ్ళ మీద పడ్డప్పుడు వాళ్ళలో పెద్దాయన, కళ్ళద్దాలాయన, అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదీ కళంటే! శ్రమజీవి కన్నీరు నా గుండెని కదిలించింది," అని మైకులో అన్నాడు. షీల్డు ఇచ్చాడు. దాన్ని తెచ్చి పెద్దమ్మ గుమ్మంలో నిలబెట్టాను, చూసి సిగ్గుపడుతుందని. ఆయన నాకు షీల్డు ఇస్తున్న ఫొటో కూడా ఫోన్లో చూపించాను.

ఆవిడ ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసింది. కోడల్ని పిలిచింది. ఇద్దరూ నవ్వారు. నాకు అర్థం కాలేదు.

"ఈ కల్లద్దాలాయన్ని ఎరగవేటి?" అంది కోడలు. "ఆ మూల మీది అపార్ట్‌మెంటు పెసిడెంటు. కంపు కొడతన్నాది, ఈళ్ళని లెగ్గొట్టండని అర్జీ ఎట్టింది ఈయనే. జీపొచ్చినప్పుడు బాల్కనీలో నిలబడి సూసేడు."

పెద్దమ్మ చుట్ట తీసి ఉమ్మి, "నీ ముసల్దానికేడిసేడు. నాకేడవలేదు," అంది.

ఎంత ఆలోచించినా ఆ ముక్క దగ్గర నా పుస్తకాలన్నీ ఆగిపోతాయి. కుర్చీలో ఏడ్చి బాల్కనీలోంచి చూసే మనిషి ఒక్కడే అయితే, ఆ ఏడుపు కళ్ళు కడుక్కోవడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది? దానికి మార్కులు వేసే హక్కు అతనికెవరిచ్చారు? షీల్డుని డాబా మీద పారేశాను. కాళ్ళు పట్టుకునే చోట ఆవిడ తిట్లే పెట్టి నాటకం మళ్ళీ రాసి ఆడాను. ఈసారి చాలాసేపు కూర్చుంది. నేను లోపల పొంగిపోతున్నాను. అప్పుడు టంగ్.

"ఇంకా ఏటి కావాలి నీకు!" అని అరిచాను.

"నా తిట్లు నాకే ఇనిపిత్తావేటే? ఆళ్ళ గుమ్మంలో ఆడు. ఆకరిదాకా కూకుంటాను."

వెళ్ళాం. వాచ్‌మన్ గేటు తియ్యలేదు. రోడ్డు మీదైనా ఆడదామంటే పోలీసులు పర్మిషన్ లేదన్నారు. అంతలో ఆవిడ పోయింది. ఆ ఒక్క నాటకం చివరిదాకా చూడకుండా పోయినందుకు ఆవిడని నేను క్షమించను.

ఒడ్డున ఇసకలో పెట్టిన సంతాప సభలో మైకు పట్టుకున్నది ఎవరో మీకు తెలిసే ఉంటుంది. టేబుల్ మీద ఆవిడ బేసిన్ బోర్లించి, దానికి బంతిపూల దండ వేశారు. కోడలు గబగబా వచ్చి దండ తీసి ఫొటోకి వేసేసింది. "దీనికి దండేసీసి దాసేత్తే రేపు నాను సేపలు దేంతో మొయ్యాల?" అని, బేసిన్ తెచ్చి ముందు వరసలో, ఎప్పటి చోటే, బోర్లించింది. నన్ను చూసి, "కూకోవే," అంది. కూర్చున్నాను.

కళ్ళద్దాలాయన మొదలుపెట్టాడు. అక్షరం రాని మనిషిలోనూ రసహృదయం ఉంటుందన్నాడు. ఆమె మౌన ప్రేక్షకురాలన్నాడు. మౌనమట! ఆమెకిష్టమైన కళని వెలుగులోకి తెచ్చిన సంఘం తరఫున నివాళి అన్నాడు. అద్దాలు తీశాడు, మళ్ళీ కళ్ళు తుడవడానికి.

నేను లేచాను. ఏ చప్పుడూ రాలేదు. నా బరువుకి బేసిన్ సొట్టపోలేదు. ఆయన నన్ను చూసి, నివాళి కోసం నిలబడ్డాననుకుని తలాడించాడు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ చూస్తే తిట్టేదని ఆపుకున్నాను.

అప్పుడు వెనకాల టంగ్. ఇంకోటి. తర్వాత ఏ వరసలోంచి వస్తున్నాయో తెలియలేదు. ఆడవాళ్ళు లేచి, చుట్టకుదుర్లు నెత్తిన సర్దుకుని, బేసిన్లు ఎత్తుకున్నారు. కోడలు నా కాళ్ళ దగ్గరిది తీసుకుంది. ఇళ్ళవైపు కాదు, జీపొచ్చాక ఎవరూ బేసిన్ దించని బీచ్ రోడ్డు మూలవైపు నడిచారు. "కళ అంటే..." అంటూ మైకులో ఆయన ఆగిపోయాడు. ఖాళీ అయిన ఇసకలో గుండ్రటి గుర్తులు మాత్రం మిగిలాయి, అన్నిటికన్నా ముందు ఒకటి, లోతు తక్కువగా.