నెవెనా చూడని సోదా

బల్గేరియాలో ఓ గనుల ఊళ్లో, అపార్టుమెంటు నాలుగో అంతస్తులో నెవెనా ఒంటరిగా ఉండేది. భర్త పోయాక ఆమె అడుగుపెట్టే ఇల్లు ఒక్కటే, ఎదురింటి పెన్కాది. రోజూ పొద్దున్నే అక్కడ కాఫీ. ఆ అరగంట కోసమే బతికేదంటే అబద్ధం కాదు.

ఒకరోజు ఆమె బజారు నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గర పోలీసులు. పెన్కా కొడుకు కామెన్ మత్తుమందు దాచాడట. సోదా మొదలు నుంచి చివరిదాకా ఇరుగుపొరుగు ఇద్దరు కళ్ళారా చూడాలి. అది చట్టం. కింది ఇంటాయననూ ఈవిడనూ సాక్షులుగా పిలిచారు.

పోలీసులు బూట్లతోనే లోపలికి దూసుకుపోయారు. నెవెనాకు అది చేతకాలేదు. ఒకరింట్లో బూట్లతో తిరగడమా? గుమ్మంలో కూర్చుని, వాచిన కాళ్ళ నుంచి బూట్లు ఊడలాక్కుంది. కింది ఇంటాయన తన వంతు కోసం బుద్ధిగా వెనకే నిలబడ్డాడు. ఇద్దరూ గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద పొట్లం ఉంది.

“బీరువాలో దొరికింది మామ్మా. సంతకం పెట్టు.”

“నేను చూళ్ళేదు కదా నాయనా.”

“ఇప్పుడు చూస్తున్నావుగా. మాకూ పనులుంటాయి.”

పోలీసులంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భయం. పెట్టేసింది. ఆమె తర్వాత కింది ఇంటాయనా పెట్టాడు.

కామెన్‌ను తీసుకెళ్ళారు. ఎదురింటి తలుపు మూసుకుపోయింది. మెట్ల మీద ఎదురైనా పెన్కా ముఖం తిప్పుకునేది. ఆ చలికాలమంతా నెవెనా రేడియోతోనే మాట్లాడింది.

కోర్టులో కామెన్ లాయరు అడిగాడు.

“పొట్లం బీరువాలోంచి తీయడం మీరు చూశారా?”

చూశానంటే ఆమెకు ఏ చిక్కూ లేదు. చూళ్ళేదంటే, అబద్ధానికి సంతకం పెట్టానని ఒప్పుకున్నట్టే.

“చూళ్ళేదు బాబూ. గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాం.”

ఎవరో నవ్వారు. అందులో నవ్వడానికేముందో మరి. జడ్జి మాత్రం నవ్వకుండా అడిగాడు.

“మరి సంతకం?”

“భయపడి పెట్టాను. నా మీద కేసు పెడితే పెట్టండి.”

సాక్షులు చూడని సోదా చెల్లదన్నారు. కామెన్ ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం పెన్కా వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

“నీ సంతకం వాణ్ణి తీసుకుపోయింది, నీ మాట తెచ్చిచ్చింది. నీ మీద కోపం లేదు పిన్నీ.”

“అయితే రేపు పొద్దున్నే రానా?”



“వద్దు. నిన్ను చూస్తే నాకు ఆ రోజే కళ్ళముందుకొస్తోంది.”

నెవెనా తలూపి తలుపు వేసుకుంది. కుర్రాడు ఇల్లు చేరాడు, అది చాలు అని తనకు తాను చెప్పుకుంది. చాల్లేదు. కుర్చీలో కూలబడి గట్టిగానే ఏడ్చింది, వినడానికి ఎవరూ లేరు గనక.