మూడు చుక్కల కింది మసక వెలుగు

ఫొటో స్టూడియో వాళ్ళింటి నుంచి సంబంధం వచ్చిందని తెలిసినప్పుడు నేను పెళ్లికొడుకు గురించి ఏమీ అడగలేదు. వాళ్ళ దగ్గర కెమెరాలు ఎన్ని ఉన్నాయని అడిగాను. అమ్మ నవ్వింది. నేను తమాషాకి అడిగాననుకుంది.

అది డెబ్బైల చివరి మాట. నాన్న డోర్నకల్‌లో రైల్వే పని చేసేవాడు. నేను హనుమకొండలో హాస్టల్లో ఉండి బీయస్సీ రెండో ఏడు చదువుతున్నాను. ఆ చలికాలం ఒక సాయంత్రం మా ఫిజిక్స్ మేడం ఆడపిల్లలందరినీ కాలేజీ డాబా మీదికి తీసుకెళ్లి, చిన్న టెలిస్కోపులో ఆకాశం చూపించింది. తూర్పున వరుసగా మూడు చుక్కలు. వాటి కింద ఇంకో చిన్న వరుస. ఆ చిన్న వరుస నడుమ, అద్దం మీద ఊపిరి తగిలినట్టు ఏదో మసకగా ఉంది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. అట్లాగే ఉంది.

"అది నీహారిక, చుక్కల నడుమ వెలిగే మబ్బు. మన కన్ను వెలుగును దాచుకోదు, ఎప్పటిదప్పుడే వదిలేస్తది. ఫిల్మ్ దాచుకుంటది. పది నిమిషాలు తెరిచి పెడితే పది నిమిషాల వెలుగంతా దాని మీద పోగయితది" అంది మేడం.

వెనక నుంచి ఎవరో నెట్టారు. పక్కకు జరిగాను. నేను చూసింది పావు నిమిషం కూడా ఉండదు.

పెళ్లయ్యాక పరీక్షలు రాయిస్తామని స్టూడియో వాళ్ళు అన్నారు. రాయనివ్వలేదని అనలేను. ఆ నెల ముహూర్తాలు ఎక్కువ, పని ఎక్కువ, అంతే.

వరంగల్ స్టేషన్ రోడ్డులో కింద స్టూడియో, పైన ఇల్లు, ఆపైన డాబా. మెట్ల కింద డార్క్ రూము. అందులో ఒక్క మనిషి పడుతుంది. లోపలికి పోయి గడియ పెట్టుకుంటే పని అయ్యేదాకా ఎవరూ తలుపు తీయకూడదు, నేనూ తీయకూడదు. ఫిల్మ్ కడగడం, ప్రింట్లు వేయడం మా మామ దగ్గరే నేర్చుకున్నాను. ఆరు నెలల్లో ఆ గది మొత్తం నాదైపోయింది. ఎవరూ నిర్ణయించింది కాదు. మా ఆయన పెళ్లిళ్లకు తిరగాలి, మామ కౌంటరు చూసుకోవాలి, కోడలు కౌంటరు దగ్గర నిలబడితే బాగుండదు. మిగిలింది డార్క్ రూము. ఎర్ర బల్బు కింద, ఫొటోలు కడిగే హైపో మందు వాసనలో ఊళ్ళో జరిగిన పెళ్లిళ్లన్నీ నా ముందు ట్రేలో తడుస్తూ తేలేవి. అందులో ఒక్క పెళ్లికీ నేను పోలేదు. మధ్యాహ్నం అన్నానికి బయటికి వస్తే ఎండకు కళ్ళు తెరుచుకునేవి కావు.

మామ కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని టచింగు చేసేవాడు. భూతద్దం పెట్టుకుని, సన్నటి పెన్సిలుతో నెగటివ్ మీద దిద్దుతూ, పదునైన బ్లేడుతో అక్కడక్కడ గీకుతూ ముఖాలు బాగుచేసేవాడు. అమ్మవారు పోసిన మచ్చలు కూడా ఆయన చేతిలో పడితే మాయమయ్యేవి. హనుమకొండ నుంచి కూడా ఆయన కోసమే వచ్చేవాళ్ళు.

మొదటి ఏడాదే అడిగాను, డాబా మీద కెమెరా పెట్టుకుంటానని. చీకటి పడగానే డాబా తలుపుకి తాళం పడేది. తాళంచెవి మామ దగ్గర.

"చుక్కల ఫొటోనా? ఎండకాలమైతే వద్దు బిడ్డా. ఊరంత స్లాబుల మీదనే పండుకుంటది. స్టూడియోవోళ్ళ ఇంటి మీద కెమెరా కనవడితే ఏమనుకుంటరు? చలికాలం రానీ, చూద్దాం" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ చలికాలం అంటే ఎన్ని రోజులు? వెన్నెల ఉండకూడదు. మబ్బు ఉండకూడదు. రోడ్డు లైట్లు వెలుగుతుంటే ఆకాశం తెల్లబడుతుంది కాబట్టి కరెంటు పోవాలి. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు కావాలి. మా ఆయన కెమెరా ఆ రోజు ఇంట్లో ఉండాలి. అన్నీ కలిసి వచ్చే రోజులు ఏడాదికి మూడో నాలుగో.

ఆకాశం తిరుగుతుంది కాబట్టి ఊరికే కెమెరా పెడితే చుక్కలు గీతలైపోతాయి. మేడంకి ఉత్తరం రాస్తే ఒక బొమ్మ వేసి పంపింది. రెండు చెక్కల్ని పుస్తకం అట్టల్లాగా కీలుతో కలపాలి. కీలును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. పై చెక్క మీద కెమెరా. కింది చెక్కలోంచి ఒక బోల్టు ఎక్కించి, దాన్ని నిమిషానికి ఒక చుట్టు తిప్పుతుంటే పై చెక్క మెల్లగా లేచి చుక్కల వెంట పోతుంది. ఫొటో ఫ్రేములకు తెచ్చిన చెక్కలోంచే చేసుకున్నాను. ఫిల్మ్ మాత్రం పెళ్లిళ్లదే. రోలు చివర రెండు మూడు ఫ్రేములు మిగిలేవి. వాటిని నాకోసం వదిలెయ్యమని మా ఆయన్ని అడిగాను. సరేనన్నాడు.

మొదటి చలికాలం చుక్కలు బియ్యపు గింజల్లా సాగిపోయాయి. రెండో చలికాలం లెన్సు మీద మంచు పట్టింది. మూడో చలికాలం ఒక రోజు రాత్రి వంట అవుతుండగా కరెంటు పోయింది. పొయ్యి మీది కూర అత్తమ్మకు అప్పజెప్పి, మామనడిగి తాళంచెవి తీసుకుని పైకి పరిగెత్తాను. మా ఆయన హైదరాబాదులో కొన్న పొడుగు లెన్సు బిగించి, ఎనిమిది నిమిషాలు బోల్టు తిప్పాను, పదిహేను సెకన్లకు పావు చుట్టు చొప్పున. ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా భయమేసింది. షట్టరు మూశాక కాసేపటికి కరెంటు వచ్చింది.

మరునాడు రోలు కడిగి వెలుగులో పట్టుకున్నాను. పెళ్లికూతురు అప్పగింతల్లో ఏడుస్తోంది. ఆ పక్క ఫ్రేములో నా చుక్కలు. నెగటివ్‌లో నల్లటి చుక్కలు, వాటి నడుమ నల్లటి మరక. ఒకవైపు అంచు తేటగా, ఇంకోవైపు పలచబడుతూ పక్షి రెక్క లాగా. కాలేజీ డాబా మీద చూసినదానికంటే నాలుగింతలు ఉంది. నవ్వు బయటికి వినపడకుండా కొంగు నోట్లో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే డోర్నకల్ నుంచి కబురొచ్చింది, అమ్మకు జ్వరమని. రోలు ఆరబెట్టి వెళ్ళిపోయాను. నాలుగు రోజులకు తిరిగి వచ్చేసరికి మామ నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"బిడ్డా, నీ చుక్కల ఫొటో మంచిగ చేసిపెట్టిన, చూడు" అని పెద్ద ప్రింటు చేతిలో పెట్టాడు. ఆయనే డార్క్ రూములోకి పోయి వేశాడట. ఆ పని మానేసి రెండేళ్లు దాటింది.

చుక్కలన్నీ సూది మొనల్లా ఉన్నాయి. నడుమ నల్లగా, నున్నగా ఉంది. ఏమీ లేదు.

"నడిమిట్ల మరక పడ్డది. హైపో సరిగ్గ కడగకపోతే గట్లనే అయితది. నువ్వు ఫికర్ చెయ్యకు, గీకి తీసేసిన. ఏడ గీకిన్నో దొరకవట్టు చూద్దాం" అన్నాడు.

దొరకలేదు. అంత మంచి పనితనం. గోరంత ఫ్రేములో, చుట్టూ ఒక్క చుక్క చెదరకుండా, రెండు రోజులు కూర్చుని తీశాడట. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. నోరు ఆగలేదు.

"మామా, అది మరక కాదు. నేను తీసింది దాన్నే."

ఆయన ప్రింటు వెనక్కి తీసుకున్నాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "చుక్కల ఫొటో అన్నవు. గిది ఉంటదని ముందుగాల చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు చివరికి.

నిజమే. ఎవరికీ చెప్పలేదు. ఆ మసక దానికోసం మూడేళ్లుగా పాకులాడుతున్నానంటే నవ్వుతారని, చుక్కలు అని ఊరుకున్నాను.

రెండు రోజులకు మళ్ళీ కరెంటు పోయింది. కెమెరా ఇంట్లో లేదు. నేను పైకి పోదామని కూడా అనుకోలేదు. మామే తాళం తీసి పిలిచాడు.

"దా, అదేందో నాకు చూపెట్టు."

ఊరంతా చీకటి. ఆకాశం నిండుగా ఉంది. "అగో మామా, ఆ మూడు చుక్కలు ఉన్నయి గదా, వాటి కింద..."

"ఏ మూడు?"

చెయ్యి చాపి చూపించాను. ఆయన నా వేలి వెంట చూస్తున్నాడు, తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. కాసేపటికి నాకు అర్థమైంది. ఆయనకు మూడు చుక్కలు కాదు, ఒక్క చుక్క కూడా కనిపించడం లేదు.

"ఎన్ని రోజుల సంది మామా?"

"యాడాది దాటింది. కండ్లల్ల పొరలు. దగ్గరిది అద్దం పెడితే జర కనవడ్తది. దూరపుది పోయింది." పిట్టగోడ తడిమి పట్టుకుని, "మావోనికి చెప్పకు బిడ్డా. టచింగు పోతే నేనిగ ఈ స్టూడియోల ఏం చేస్త?" అన్నాడు.

కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు లేకుండా పోయింది. చెప్పనని మాటిచ్చాను. మాటిచ్చాక ఇంకో పని మీద పడింది. ఆయన దిద్దిన ముఖాల్లో తేడా వస్తోందని నాకు అప్పటికే తెలుసు, చెప్పలేదంతే. ఇప్పుడు ఆయన నెగటివ్‌లు తీసుకుని ప్రింటు చూడటానికన్నట్టు డార్క్ రూముకి వచ్చేవాడు. "ఇగో, ఈ ఆమె కండ్ల కింద జర పలచగ" అని చెప్పి పోయేవాడు. నేను లోపల చిన్న దీపం పెట్టుకుని దిద్దేదాన్ని. మొదట రోజుకు ఒకటి రెండు, తర్వాత అన్నీ. బయట అందరూ ఆయన చేతిని మెచ్చుకునేవాళ్ళు. ఆయన తల వంచుకుని పెన్సిలు చెక్కుకునేవాడు.

అట్లా రెండు చలికాలాలు గడిచాయి. కరెంటు పోతే నేను పైకి పోలేదు. ఆగిపోయిన పని కరెంటు రాగానే మొదలుపెట్టాలని చీకట్లో అక్కడే కూర్చునేదాన్ని. తలుపు తీసుకుని బయటికి రావచ్చు. రాలేదు.

చివరికి మామ మెట్ల మీద జారిపడితే మా ఆయన దవాఖానకు తీసుకెళ్లాడు. అప్పుడు కళ్ళ సంగతి బయటపడింది. ఆపరేషన్ చేశారు. దళసరి అద్దాలు వచ్చాయి. చెయ్యి మాత్రం వణకడం మొదలైంది. మామ కౌంటరుకే పరిమితమయ్యాడు. కిటికీ పక్క బల్ల నాకిచ్చారు. ఇంట్లో అందరూ అదొక గౌరవంలాగా చెప్పారు. నిజంగా గౌరవమే. కాకపోతే డార్క్ రూము పని నన్ను వదల్లేదు. పగలు ముఖాలు దిద్దేదాన్ని, పొద్దుపోయాక ప్రింట్లు వేసేదాన్ని. చెక్కలు, బోల్టు బల్ల కింద ఉండేవి. కాలికి తగిలేవి.

తర్వాత రంగుల ఫొటోలు వచ్చాయి. రోళ్ళు రైలులో హైదరాబాదు ల్యాబుకు పోయేవి. కడిగే పని లేదు, దిద్దే పని లేదు. ఒక ఎండాకాలంలో, ఫొటోలు పెద్దవి చేసే ఎన్లార్జరు అమ్మేశారు. డార్క్ రూములో ఆల్బం అట్టలు పేర్చారు. పన్నెండేళ్లు కూడా కాలేదు నేను ఆ గదిలోకి వచ్చి. అందులోంచి బయటపడ్డానని సంతోషించాలో, నాకు వచ్చిన ఒక్క పనీ పోయిందని ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాతి జనవరిలో స్టాకులో ఒక నలుపు తెలుపు రోలు దొరికింది. తేదీ దాటిపోయింది. మా ఆయన దాన్ని నా చేతికిచ్చి, "ధర్మసాగర్ చెరువు కట్ట మీదికి పోదామా? ఆడ చీకటి మంచిగుంటదని ఎన్నడో అడిగినవు" అన్నాడు.

చీకటి పడగానే స్కూటరు మీద బయలుదేరాం. మడికొండ దాటాక రోడ్డుకు రెండు వైపులా పొలాలు, లైట్లు లేవు. కట్ట మీద ఎవరూ లేరు. అంత ఆకాశాన్ని నేను అప్పటిదాకా చూడలేదు. నీళ్ళ మీద కూడా చుక్కలు. మా ఆయన టార్చికి ఎర్ర గుడ్డ చుట్టి, గడియారం చూస్తూ "తిప్పు... తిప్పు" అని చెప్పాడు. నేను తిప్పాను. ఆ రోజుల్లో అన్నలు, పోలీసుల గొడవలతో పొద్దుగూకాక ఊరి బయట ఉండాలంటే అందరికీ భయమే. ఆయన మాటిమాటికీ రోడ్డు వైపు చూశాడు. "జల్ది గానియ్యి" అన్నాడు గానీ, ఆపెయ్యమనలేదు. నాలుగు ఫ్రేములు తీశాను.

మరునాడు స్నానాల గదికి దుప్పటి కట్టి బకెట్లలో రోలు కడిగాను. రెండు ఫ్రేములు పోయాయి, రెండు వచ్చాయి. ఇంట్లో ఎన్లార్జరు లేదు కాబట్టి పాత కాగితం మీద నెగటివ్ అట్లాగే ఆనించి, దానంత ప్రింటే వేసుకున్నాను. చిన్నది. చూడాలంటే భూతద్దం కావాలి. మామకు ఇచ్చాను. అద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకుని చూసి, "కనవడ్డది బిడ్డా" అన్నాడు. కనిపించే అన్నాడో, నాకోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు.

అయితే ఆ ఫొటో కంటే నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ రాత్రి తిరుగు ప్రయాణం. ఒళ్ళో చెక్కలు పెట్టుకుని వెనక కూర్చున్నాను. మడికొండ దగ్గర మొదటి లైట్లు కనిపించాయి. తర్వాత ఒక్కొక్కటిగా ఎక్కువయ్యాయి. తలెత్తి చూస్తూనే ఉన్నాను. స్టేషన్ రోడ్డుకు వచ్చేసరికి మూడు చుక్కలు మాత్రం మిగిలాయి. ఇంటి ముందు స్కూటరు ఆగింది. నాకు దిగబుద్ధి కాలేదు. అట్లాగే కూర్చున్నాను.

"ఏమైంది? దిగు, చలి పెడ్తాంది" అన్నాడు మా ఆయన.

దిగాను.